మగ్గం బేరం

“కాస్త ఆపప్పా, మాట్లాడుకుందాం!” చెవులు మూసుకుని అరిచాడు ఆదికేశవులు. నగరి చుట్టుపక్కల పాత మరమగ్గాలు కొని, ఇనుము తూకానికి అమ్ముకునే ఆసామి.

“ఆపేది లేదన్నా. అట్నే చెప్పు.” షెడ్డు తలుపు మూసి ముందుగదిలోకి వచ్చాడు మురుగేష్. లోపల మగ్గం దడదడమంటూనే ఉంది.

పండగ లేదు, ఆదివారం లేదు. ఇంత కక్కుర్తి యాడా చూడలేదమ్మా అని వీధి వీధంతా నోరు నొక్కుకుంటోంది మరి! బయట తిన్నె మీద తల్లి అక్కమ్మ కూర్చుని ఉంది. ఆమెకు మతిమరుపు జబ్బు. కన్నకొడుకునే “ఎవురప్పా నువ్వు?” అంటుంది. ఆస్పత్రులకీ మందులకీ మూడు మగ్గాలు హరించుకుపోయాయి. మిగిలింది ఇదొక్కటే.

“అమ్మేయ్,” అంది భార్య చంద్రిక. ఆమె పుత్తూరులో చీరల అంగట్లో పనిచేస్తుంది. “నా జీతమంతా కరెంటు బిల్లుకే పోతా ఉండాది. ఆ దుడ్లతో అత్తకి ఇంకో ఆయమ్మని పెడదాం.”

“వచ్చినోళ్లలో ఎవురు నిలిచినారు? ఇది పోతే అమ్మని సూసేదెట్ట?”

“మళ్లీ ఇంత రేటు రాదు మురుగేశా,” అంటూ ఆదికేశవులు అడ్వాన్సు తీశాడు.

అంతలో కరెంటు పోయింది.

“అమ్మా!” మురుగేష్ వాకిట్లోకి ఒక్క దూకు దూకాడు. తిన్నె ఖాళీ. అక్కమ్మ అప్పటికే ఇంటిముందు రోడ్డెక్కేసింది. ఎదురుగా ఇసక లారీ! అతను వెళ్లి ఆమెను పక్కకు లాగాడు. డ్రైవరు నోటికొచ్చినట్టు తిట్టిపోయాడు.

“ఇడువు నన్ను! మా ఇంటికి పోవాల!” అక్కమ్మ పెనుగులాడింది. కొడుకు చెయ్యి కొరికింది. చంద్రికా అతనూ కలిసి ఎలాగో తిన్నె దాకా తెచ్చారు.

“సచ్చిపోయుండేది గదయ్యా! ఇంకా ఆ మగ్గమే ముద్దా నీకు?” చంద్రిక భోరుమంది. మురుగేష్‌కూ ఏడుపు ఆగలేదు. ఆదికేశవులు నోట్లు అతని జేబులో కుక్కాడు. ఈసారి అతను వద్దనలేదు.

కరెంటు వచ్చింది. షెడ్డులో మగ్గం మళ్లీ అందుకుంది.

అక్కమ్మ పెనుగులాట మానింది. గోడకు తల ఆనించి కళ్లు మూసుకుంది. మురుగేష్ ఆమెకేసి చూశాడు. జేబులోంచి నోట్లు తీసి ఆదికేశవులు చేతిలో పెట్టేశాడు.

“ఏం మనిషివబ్బా! అంత బంగారం ఏం నేస్తా ఉండావో సూస్తా, ఉండు!” ఆదికేశవులు మండిపడుతూ లోపలికెళ్లి షెడ్డు తలుపు నెట్టాడు.

ఆడుతున్న మగ్గం మీద ఒక్క పోగు కూడా లేదు.