ఉరుముగారి కాపలా

“అంటే, కుర్చీ ఇక్కడ ఖాళీగా ఉంటుంది, పని మాత్రం ఇంటి దగ్గర్నుంచి జరిగిపోతుంది. అంతేనా నువ్వు చెప్పేది?” అన్నాడు ప్రెస్సు యజమానుల్లో పెద్దాయన.

బల్ల కింద దూరి తీగలు సర్దుతున్న కంప్యూటర్ మెకానిక్ అంతేనన్నాడు. కంపోజింగ్ చేసే అమ్మాయి ఇంట్లో ల్యాప్‌టాప్ తెరిస్తే ఇక్కడి తెరే అక్కడా కనబడుతుంది. అక్కడ మీట నొక్కితే ఇక్కడ అక్షరం పడుతుంది. ఆ అమ్మాయి టైపు చేస్తుండగా ఇక్కడ ఎవరైనా వేలు పెట్టారో, రెండు చోట్లా పని చెడుతుంది. ఇంత పాత కంప్యూటర్ మీద ఈ ఏర్పాటు చేయడం తన సర్వీసులో ఇదే మొదటిసారని దుమ్ముకు తుమ్ముతూ చెప్పాడు.

కొత్తది కొనుక్కుంటే పోయేదే. కానీ ఆ ప్రెస్సులో పుస్తకాల పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ మరీ పాతది. వేరే కంప్యూటర్‌లో పెడితే అక్షరాలన్నీ డబ్బాలైపోతాయి. అందుకే దాన్ని కదపకుండా, కసరకుండా, ఇంట్లో ముసలాయన్ని చూసుకున్నట్టు చూసుకుంటున్నారు.

కంపోజింగ్ అమ్మాయి చంటిపాపను భుజాన వేసుకుని గోడవారగా నిలబడింది. పాపను చూసే మరో మనిషి ఇంట్లో లేరు. భర్త అంబులెన్సు డ్రైవరు, అన్నీ రాత్రి డ్యూటీలే. పగలు కంటినిండా నిద్రపోకపోతే రాత్రి బండి నడపలేడు. ఈ ఏర్పాటు కుదరకపోతే ఆమె ఉద్యోగం మానుకోవాల్సిందే. పేజీలు కట్టే పనంటే ఆమెకు ప్రాణం. పాపంటే అంతకన్నా ప్రాణం. రెండింట్లో ఒకటి వదులుకోమంటే ఏడుపొస్తోంది.

ప్రెస్సు ఇద్దరన్నదమ్ములది. తమ్ముడు వ్యవహారాలు చూస్తాడు, అన్న ప్రూఫులు దిద్దుతాడు. ఆ అన్నగారి గొంతుకు జడిసి పనివాళ్లు చాటుగా ఆయనకు ఉరుము అని పేరు పెట్టుకున్నారు. ఆ అమ్మాయి కుర్చీ వెనకాల నిలబడి “ఆ మీట కాదు, దాని పక్కది” అంటూ ఏళ్ల తరబడి ఆమె ప్రాణం తోడిన ఘనుడు ఆయనే. తను మాత్రం ఆ కీబోర్డును ముట్టుకోగా ఎవరూ చూడలేదు.

వారం రోజులు చూద్దామన్నాడు తమ్ముడు. ఏ రోజు పేజీలు ఆ సాయంత్రానికి పూర్తి కావాలి, ఒక్కటి తగ్గినా కొత్త మనిషిని పెట్టుకుంటామని మెత్తగానే చెప్పాడు. ఉరుము మెత్తగా చెప్పలేదు.

“పని జరుగుతోందో లేదో నేనే కూర్చుని చూస్తా. ఈ గదిలోకి ఇంకెవరూ అడుగు పెట్టొద్దు.”

మొదటి రోజు పొద్దున్నే, ప్రెస్సులో పుస్తకాలు కుట్టే బైండింగ్ అక్క ఫోన్ చేసింది.

“ఉరుము నీ కంప్యూటర్ ముందే తిష్ఠ వేశాడు. తలుపు కూడా దగ్గరకేసుకున్నాడు. టీ లోపలికే పంపమన్నాడు. జాగ్రత్త తల్లీ.”

ఆమె ఫోన్ పెట్టేసి ల్యాప్‌టాప్ తెరిచింది. మధ్యాహ్నం దాకా తల ఎత్తకుండా టైపు చేసింది. తర్వాత పాప గుక్కపట్టి ఏడ్చింది. పేజీ సగంలో వదిలేసి, ల్యాప్‌టాప్ ముందుగదిలో అలాగే ఉంచి, పాలిస్తూ పక్కన ఒరిగింది. నిద్రలేని రాత్రుల బాకీ అంతా ఒక్కసారిగా మీద పడింది.

మెలకువ వచ్చేసరికి ఎండ దిగిపోతోంది. ముందుగదిలోకి పరుగెత్తింది. సగంలో వదిలిన పేజీ పూర్తయి ఉంది. దాని తర్వాతి పేజీలూ పూర్తయి ఉన్నాయి. ల్యాప్‌టాప్ పక్కన కూర్చుని భర్త పాప బట్టలు మడత పెడుతున్నాడు. వాళ్లిద్దరికీ పరిచయమైంది టైపు నేర్చుకునే చోటే.

ఆమెకు కళ్లు చెమర్చాయి. “మీరు లేకపోతే నా గతేంటండీ” అంది.

“ఆమాత్రం చేయలేనా?” అన్నాడతను తేలిగ్గా.

వారమంతా అదే వరస. మధ్యాహ్నం పాపతోపాటు ఆమెకూ కునుకు పట్టేది, లేచేసరికి పని ఒక కొలిక్కి వచ్చి ఉండేది. వెతికినా తప్పు దొరికేది కాదు. మంచం మీద తడి తువ్వాలు పడేసినా ఆమె భర్తను ఒక్క మాట అనడం మానేసింది. అడక్కుండానే టీ అందేది. అతను కూడా కొత్త అల్లుడిలా దర్జాగా కాలు మీద కాలేసుకుని తాగేవాడు. బైండింగ్ అక్క మాత్రం రోజూ అదే కబురు చెప్పేది. ఉరుము కుర్చీ దిగడం లేదు, గదిలోకి ఈగను కూడా రానివ్వడం లేదు.

వారం ముగిసిన సాయంత్రం తమ్ముడుగారు ఫోన్ చేశాడు. ఒక్క పేజీ కూడా తగ్గలేదని, ఇకమీదట ఇంటి దగ్గర్నుంచే పని చేసుకోమని చెప్పాడు. ఆమె సంతోషం పట్టలేక భర్త చేయి పట్టుకుంది.

“ఇందులో సగం మీదే. ఆ పేజీలన్నీ మీరు టైపు చేయకపోతే నా ఉద్యోగం ఉండేదా?”

అతను తెల్లమొహం వేశాడు. “పేజీలా? నేను పాప బట్టలు ఉతికానే, నువ్వు మెచ్చుకుంటోంది దానికి కాదా?”

ఆ ల్యాప్‌టాప్ జోలికే వెళ్లలేదని పాప మీద ఒట్టేసి మరీ చెప్పాడు. ఇంతలో ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి ఉరుము. పొద్దస్తమానం ఆ తెర ముందే కూర్చున్న మనిషికి తను నిద్రపోయిన సంగతి తెలియకుండా ఎలా ఉంటుందని ఆమెకు అప్పుడు తట్టింది. వచ్చిన ఉద్యోగం వచ్చినట్టే పోయిందనుకుని, ఫోన్ చెవిన పెట్టుకుంది.

“అమ్మాయీ, రేపు మధ్యాహ్నం మాత్రం నిద్రపోకు, నేను ఊళ్లో ఉండను.”