గోడకు నేర్పిన అర్థం

పెళ్ళయిన కొత్త కదా, మా గది గోడతో ఆడుకోవడమే నాకు సంబరం. అందరిళ్ళలో గోడల్లాగే అదీ చోటు పేరు చెబితే ఆ చోటుగా మారిపోతుంది. "పచ్చిక బయలు" అంటే చాలు, గడ్డి ఊగుతుంది, వాన వాసన వస్తుంది.

తెలియని మాట వినిపిస్తే గోడ నన్నే అడుగుతుంది. ఒకసారి నేను గదిలోకి రాగానే "కంచె అంటే?" అంది. "ముళ్ళతీగ" అన్నాను. ఆ మాట ఎవరన్నారో అడగలేదు.

తర్వాత మా ఆయన కొమురేశ్ వాళ్ళ బాపమ్మ ఆ గదిలోకి రావడం మానేసింది. ఎందుకని ఇవాళ అడిగాను.

"కంచె జూపియ్యమంటే గోడ ముండ్లతీగ అడ్డం బెట్టింది బిడ్డా. కొత్త జంట గది, నన్ను రావద్దంటున్నరేమో అనుకున్న."

"కంచెంటే అదే కదా బాపమ్మా?"

కొమురేశ్ నవ్వబోయి ఆగాడు. "మా దిక్కు కంచె అంటే పసులు మేసే గడ్డి జాగ. బాపమ్మ చిన్నప్పుడు మేకల్ని కాసింది ఆడనే."

నాకు తల కొట్టేసినట్టయింది. వెంటనే గోడకు అర్థం మార్చి చెప్పాను. మోకాలెత్తు గడ్డి లేచి ఊగింది.

బాపమ్మ గడప అవతలే నిలబడింది.

"ఇగ రావొచ్చా బిడ్డా?" అని నన్ను అడిగింది, తన ఇంట్లో తను.