తిట్టేవాడు కావలెను

"తిట్టవోయ్," అన్నారు ఎమ్మెల్యేగారు.

కార్యకర్త చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మిమ్మల్నా? కళ్ళు పోతాయండీ."

"పోవులే. కానీ."

కార్యకర్త కళ్ళు గట్టిగా మూసుకుని, ఊపిరి బిగబట్టి, "దొంగ!" అన్నాడు. వెంటనే భయం వేసి, "జనం మనసులు దోచిన దొంగ!" అంటూ కాళ్ళమీద పడ్డాడు.

"తర్వాత ఎవరు?" అన్నాడు పీఏ నీరసంగా.

పొద్దుట్నుంచీ ఇదే వరస. పార్టీలో ఇంతమంది ఉన్నారు, నోరారా నాలుగు తిట్లు తిట్టగలిగేవాడు ఒక్కడు లేడు. పొగిడి పొగిడి వాళ్ళ నాలుకలు అటే తిరిగిపోయాయి.

అసలు ఈ కరువంతా మైకు బాబాయికి గొంతు చెడ్డంతో వచ్చింది. మార్కెట్ వీధిలో ఆయనది మైకుసెట్లు అద్దెకిచ్చే దుకాణం. చిన్నప్పుడు ఆయనా ఎమ్మెల్యేగారూ ఒకే బెంచీ. మైకు పనిచేస్తోందో లేదో చూడ్డానికి ఎవరైనా "హలో, హలో" అంటారు. బాబాయి మాత్రం రోజూ పొద్దున్నే ఎమ్మెల్యేగారిని తిడతాడు. "ఒరేయ్ ఎమ్మెల్యే! చేపల సందులో లైటు వెలగట్లేదు, నీ కళ్ళకేమైనా గంతలు కట్టారా?" అంటే సాయంత్రానికల్లా లైటు వెలిగేది. ఎమ్మెల్యేగారికి తెలిసిన ప్రజాసేవ అదే. పొద్దున్న తిట్లు వినడం, చీకటి పడేలోగా పని చేయించడం. దాంతోనే మూడుసార్లు గెలిచారు.

బాబాయి గొంతుకి ఆపరేషన్ అయింది. కొన్నాళ్ళు పెదవి విప్పకూడదన్నారు. వీధి మూగబోయింది. ఎమ్మెల్యేగారి ఊసెత్తేవాడే లేడు. సరిగ్గా అప్పుడే, నిన్న, పార్టీ పెద్ద ఫోన్ చేశాడు.

"నిన్ను జనం మర్చిపోయారటయ్యా. ఎల్లుండి పరిశీలకుణ్ణి పంపుతున్నా. తిట్టో పొగడ్తో, నీ పేరు వాళ్ళ నోట వినబడితే టికెట్ నీది. కూలికి జైకొట్టేవాళ్ళను పెట్టావో, ఇట్టే పసిగడతాడు. వినబడలేదా, ఇంట్లో కూర్చుని మనవలకు లెక్కలు చెప్పుకో."

ఎమ్మెల్యేగారికి ముద్ద దిగలేదు. ఆయనకు లెక్కలు రావు.

సాయంత్రం ఆస్పత్రికి వెళ్ళి స్నేహితుడి మంచం పక్కన కూర్చున్నారు. "నువ్వు తిట్టకపోతే నేనెవడినిరా?" అన్నారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బాబాయి ఆయన చెయ్యి నొక్కాడు. తర్వాత దుకాణం తాళంచెవి ఇచ్చి, పిల్లికి పాలు పోయమని సైగ చేశాడు.

ఇంటికొచ్చాక ఎమ్మెల్యేగారు పీఏని పిలిచారు. "నేను రాజధానికి వెళ్తున్నా. పెద్దాయన్ని కాళ్ళావేళ్ళా పడి బతిమాలతా. రేపు ఆ పరిశీలకుడి సంగతి నువ్వే చూసుకో."

మర్నాడు పొద్దున్న పరిశీలకుణ్ణి వెంటబెట్టుకుని పీఏ మార్కెట్ వీధి టీకొట్లో కూర్చున్నాడు. ఎదురుగా బాబాయి దుకాణం షట్టరు దించే ఉంది. పైనున్న లౌడ్‌స్పీకర్ మాత్రం ఉన్నట్టుండి గురగురమంది.

"ఈ ఊరి ఎమ్మెల్యే అంతటి పనికిమాలినవాడు భూప్రపంచంలో ఉన్నాడా?"

బొంగురు గొంతు. ఎవరిదో ఎవరికీ తెలియలేదు. ఇది కచ్చితంగా కిందటిసారి ఓడిపోయినాయన పనే అనుకున్నాడు పీఏ.

"బస్సు రాని వీధిలో బస్సు షెల్టర్ కట్టించాడు! గడియార స్తంభం కట్టించి గడియారం మర్చిపోయాడు! అసెంబ్లీలో నిద్రపోయి కుర్చీలోంచి జారిపడ్డాడు! జుట్టుకి రంగేసుకుని దిండ్లన్నీ నల్లగా చేస్తాడు!"

మధ్యలో పిల్లి అరిచింది. జనం నవ్వుతూ మూగారు. పరిశీలకుడూ నవ్వాడు. పీఏకి ఏడుపొచ్చింది. టికెట్ గంగలో కలిసినట్టే.

"ఇన్నేళ్ళలో ఒక్క మంచిపని చేశాడా? చెప్పండి, ఒక్కటి!"

నవ్వులు ఆగిపోయాయి.

"ఎవడ్రా లోపల?" అంది పూలమ్మే ఆవిడ. "బస్సు రాకపోతే నీకేం? ఆ షెల్టర్లోనే కదరా నా పూలకొట్టు!"

"గడియారం లేకపోతేనేం?" అన్నాడు సెలూన్ నడిపే ఆయన. "స్తంభం పక్కన అంటేనే నా షాపు ఎవరికైనా తెలుస్తుంది."

"మా నాన్న పోయినప్పుడు పాడె మోశాడయ్యా ఆయన," అన్నాడు కూరగాయలాయన. "మైకు బాబాయి తిడితే అది చనువు. మేం తిడితే మా హక్కు. మా ఎమ్మెల్యేని అనడానికి నువ్వెవడివిరా?"

లౌడ్‌స్పీకర్లో ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది.

"వాడొట్టి దద్దమ్మ!" అంది చివరికి.

అంతే. టమాటాలు, వంకాయలు షట్టరు మీద పడ్డాయి. కూరగాయలాయన విసిరిన బంగాళాదుంప వెంటిలేటర్లోంచి లోపలికి దూసుకుపోయింది. "అమ్మా!" అంది లౌడ్‌స్పీకర్. ఆ పైన కీచుమని ఆగిపోయింది.

జనం చుట్టూ తిరిగి వెళ్ళి చూస్తే వెనక తలుపు బార్లా తీసి ఉంది. లోపల పిల్లి ఒక్కటే, తీరిగ్గా పాలు తాగుతోంది.

ఎమ్మెల్యేగారికి జై కొడుతూ వీధి వీధంతా కదిలింది. పరిశీలకుడు అక్కణ్ణుంచే పార్టీ పెద్దకి ఫోన్ చేశాడు. "తమవాణ్ణి ఒక్క మాటంటే అమ్ముకునే సరుకు విసిరేసే జనాన్ని ఎక్కడా చూళ్ళేదండీ. ఈయనకు తప్ప ఇంకొకరికి టికెట్ ఇస్తే మనకి దుంపలు పడతాయి."

ఆ శుభవార్త ముందుగా ఎమ్మెల్యేగారి భార్య చెవిన వేద్దామని పీఏ ఒక్క పరుగున వెళ్ళేసరికి, ఆవిడ వంటింట్లో నిలబడి, రాజధానిలో ఉండాల్సిన ఎమ్మెల్యేగారి నుదుటి బుడిపెకి ఐసుముక్క అద్దుతోంది.