గొంగడి మీద మాట

"ఆగు జంగమ్మా! ఆడోళ్లు గొంగడి మీద అడుగు పెట్టొద్దు."

లింగన్న అరుపుకు జంగమ్మ ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయింది. ఊరందరి ముందు, అదీ కట్టుకున్న మొగుడి నోట! ఆమెకు తల కొట్టేసినట్టయింది.

ఆత్మకూరుకు కూతవేటు దూరంలో ఉన్న ఆ ఊళ్లో గొర్లు కాసుకునే ఇళ్లే ఎక్కువ. నల్ల గొంగడి పరిచి, పసుపు చల్లి, దాని మీద నిలబడి లింగమంతుల సామి పేరున ఒట్టేశారంటే ఇక ప్రాణం పోయినా మాట తప్పరు. మండల నాయకుడు వీరేశానికి ఆ సంగతి బాగా తెలుసు. అందుకే పోలింగు రేపనగా వచ్చి, కులపెద్ద లింగన్న చేతనే గొంగడి పరిపించాడు.

"మొగోళ్లు, ఆడోళ్లు అందరు ఒట్టేయాలె. ఓటు మన పార్టీకే, మన సతీషన్నకే!" అన్నాడు.

ఆ సతీషన్న పేరెత్తితేనే జంగమ్మకు ఒళ్లు మంట. ఆయన గెలిస్తే ఊరి మేతగుట్ట మీద కంకర మిషిన్ పెడతాడని చంటిపిల్లాడినడిగినా చెబుతాడు. గుట్ట పోతే మేత పోతుంది, మేత పోతే మంద పోతుంది. మంద పోయాక ఆ ఊళ్లో మిగిలేది ఏముంది? గుట్ట జోలికి రానివ్వనని నిలబడ్డది ఎదుటి పార్టీ కల్పన ఒక్కతే.

లింగన్నకూ గుట్ట మీద ప్రేమ లేక కాదు. మీసాలు రాకముందు నుంచి ఆ పార్టీ జెండా మోసినవాడు, దాన్ని విడవలేడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. టికెట్ సతీష్‌కు వచ్చిన నాటి నుంచీ ఆయన ముద్ద గొంతు దిగక కంచం ముందు కూర్చుని లేస్తున్నాడు.

అందుకే జంగమ్మ తెగించింది. గొంగడి మీద నిలబడి, వీరేశం మొహం మీదే "నేను ఒట్టెయ్య" అందామని వచ్చింది. తన వెనకున్న ఆడవాళ్లకు అంత గుండె లేదని ఆమెకు తెలుసు. ఎదురుగా మామలు, బావలు కూర్చుని ఉంటే ఒక్కొక్కతే తలొంచుకుని ఒట్టేసి పోతుంది. తను ముందు కాదంటే వాళ్లకూ ధైర్యం వస్తుందేమోనని ఆశ. తీరా చూస్తే మొగుడే అడ్డం పడ్డాడు.

"ఇదేం కట్టు? మా తల్లిగారూర్ల ఆడోళ్లు ఒట్టేయంగ నేను సూసిన" అంది జంగమ్మ.

"మీ ఊరి కట్టు మీది, మా ఊరి కట్టు మాది. ఆడోళ్లు తొక్కితె మొగోళ్ల ఒట్టు గూడ చెల్లది."

ఊళ్లో అందరికంటే ముసలాయన ఏదో అనబోయాడు. లింగన్న ఆయన వైపు చూశాడు. ఆయన ఓ దగ్గు దగ్గి ఊరుకున్నాడు.

ఒట్టు చెల్లదనేసరికి వీరేశం ఉలిక్కిపడ్డాడు. "వద్దు వద్దు! ఒదినే, నువ్వు జర ఎన్కకు జరుగు. అయినా మొగోడు మాటిచ్చినంక ఆడది ఏరే ఏస్తదా ఏంది?" అని నవ్వాడు. మగవాళ్లు కొందరు ఆ నవ్వులో కలిశారు.

లింగన్నే ముందుగా గొంగడి ఎక్కాడు. "లింగమంతుల సామి సాచ్చిగ నా ఓటు పార్టీకే" అన్నాడు. ఆయన వెనక మగవాళ్లంతా వరసగా ఒట్టేశారు.

ఆ రాత్రి జంగమ్మ పొయ్యి వెలిగించలేదు. "మీ పార్టీనే వండి పెడ్తది, పో" అని అటు తిరిగి పడుకుంది.

తెల్లారి పోలింగు. బడి ముందు ఆడవాళ్ల వరస కదలకుండా నిలబడి ఉంది. జంగమ్మకు ఉన్నట్టుండి ఓ ఆలోచన తట్టింది. ముందున్న మైసమ్మ భుజం తట్టింది.

"మనం ఒట్టేసినమా?"

"యాడేసినం? దగ్గరికే రానీయకపాయె."

"మరి దేనికి భయం?"

ఆ మాట వరస ఈ కొస నుంచి ఆ కొసకు పాకింది. తలలొంచుకుని నిలబడ్డవాళ్లు తలలెత్తారు.

సూర్యాపేటలో లెక్కింపు రోజున సతీష్ మనుషులు పూలదండలు ముందే తెప్పించుకున్నారు. దండలు వాడిపోయాయి గాని మెడలోకి ఎక్కలేదు. కల్పన గెలిచింది. ఆమె మెజారిటీ ఎంతంటే, జంగమ్మ ఊరి ఆడవాళ్లలో ఓ పాతికమంది సతీష్ వైపు తిరిగుంటే చాలు, ఓడిపోయేదే.

ఊళ్లో బేరీలు మోగాయి. "ఓ లింగా!" అంటూ ఆడవాళ్లు గుట్ట దాకా ఊరేగారు. జంగమ్మ గొంతు బొంగురుపోయేదాకా అరిచింది. లింగమంతుల జాతరలో కూడా అంత సంతోషం ఆమె ఎరగదు.

వీరేశం మోటార్ సైకిల్ మీద రుసరుసలాడుతూ వచ్చాడు. "ఏం లింగన్నా! మీ ఊరోళ్లు ఒట్టు తప్పిండ్రా?"

"మొగోడు ఒక్కడు తప్పలె. నా ఓటు పార్టీకే ఏసిన. ఆడోళ్లతోని ఒట్టెవలు ఏపిచ్చిండ్రు?" అన్నాడు లింగన్న.

వీరేశం బండి తిప్పాడు. వచ్చిన దారినే పోయాడు.

జంగమ్మ నడుం మీద చేయి వేసుకుని మొగుడి ముందుకొచ్చింది. "సూసినవా? మమ్మల్ని దగ్గరికి రానీయకపోతివి. గా రానీయనోళ్లే నీ గుట్టను కాపాడిండ్రు!"

"సూసిన" అన్నాడు లింగన్న. చాలా రోజుల తర్వాత ఆయన మొహంలో నవ్వు కనిపించింది.

"పార్టీ ఓడితే గింత ఖుషి ఏందయ్యా? అవ్‌గని, ఆడోళ్లు గొంగడి తొక్కొద్దని కట్టు పెట్టిందెవలు? మీ తాతనా, ముత్తాతనా?"

"నేనే" అన్నాడు లింగన్న. "నువ్వు గొంగడి దిక్కు నడిచొస్తుంటె పెట్టిన."