పెళ్లికొడుకు పడ్డ చోటు

మే పధ్నాలుగో తేదీ సాయంత్రం, పెళ్లిళ్లకు గుర్రం అద్దెకిచ్చే ఓదెలు చందానగర్‌లో బండి దగ్గర నాలుగు మిర్చి బజ్జీలు తిన్నాడు. గంట తిరక్కముందే అతని గుర్రం మీంచి పెళ్లికొడుకు కింద పడ్డాడు.

"నువ్వు బజ్జీలు తింటుంటే ఎవరో జీను పట్టీ వదులు చేశారు. లేదంటే నువ్వే చేశావు," అన్నాడు పెళ్లికొడుకు స్నేహితుడు వెంకట్.

పెళ్లికొడుకు వంశీ హైటెక్ సిటీలో మేనేజర్. మేనేజర్ అయిన రోజు నుంచీ అతని మెడ వంగడం మానేసింది. టీమ్‌లో పనిచేసే అజయ్, చెల్లెలి నిశ్చితార్థానికి సెలవడిగితే అతని వైపు చూడకుండానే "కుదరదు" అన్నాడు. ప్రొద్దుటూరు నుంచి తల్లి వెంకటలక్ష్మి ఫోన్ చేస్తే, "ముందు మెసేజ్ పెట్టమ్మా, టైమ్ చూసి నేనే చేస్తా" అనేవాడు.

గుర్రమెక్కాక ఇక చెప్పేదేముంది? బారాత్‌లో అక్షింతలు వేసిన ముసలమ్మల వంక కూడా చూడలేదు. ఫంక్షన్ హాలు ఇంకో వంద అడుగులుందనగా, కడుతున్న అపార్ట్‌మెంట్ ముందు జీను మెల్లగా పక్కకి ఒరిగింది. వంశీ కూడా దానితోపాటే, ఏ తొందరా లేకుండా ఒరిగి, ఇసుక కుప్పలో బోర్లా పడ్డాడు.

బ్యాండు ఆగిపోయింది. హాలు బాల్కనీలోంచి చూస్తున్న పెళ్లికూతురు ప్రియాంక పకపకా నవ్వేసింది. వంశీ తలపాగా కళ్ల మీంచి తీసి, నోట్లో ఇసుక ఉమ్మి, తనూ నవ్వాడు. చెయ్యందించి లేపింది అజయ్.

"సెలవు తీసుకోరా," అన్నాడు వంశీ, ఆ చెయ్యి వదలకుండా. మిగిలిన వంద అడుగులూ అందరితో కలిసి నడిచాడు.

వెంకట్ మాత్రం వదల్లేదు. "నాకు అజయ్ మీదా డౌటే, నీ మీదా డౌటే. పోలీసులొస్తే తేలుతుంది. నీ గుర్రాన్ని కూడా పట్టుకుపోతారు."

ఓదెలు మొహం పాలిపోయింది. అతనికున్నది ఆ ఒక్క గుర్రమే. దాని మీదే ఇల్లు నడుస్తోంది.

"సార్, జీను గట్టంగ గుర్రం పొట్ట ఉబ్బిస్తది. పది అడుగులు నడిపిచ్చి మల్ల బిగియ్యాలె."

"మరి బిగించావా?"

ఓదెలు తల గోక్కున్నాడు. "బజ్జీల ధ్యాసల మర్శిపోయినట్టున్న."

వెంకట్ ఫోన్ తీశాడు. అప్పుడే వచ్చిన వెంకటలక్ష్మి అతని చేతిలోంచి దాన్ని మెల్లగా లాక్కుంది.

"పెండ్లి జరుగుతాంటే పోలీసులేంది నాయనా? మనిషన్నాక మరుపు రాదా? పో, పొయ్యి అన్నం తిను."

తొమ్మిదికల్లా తలంబ్రాలు అయిపోయాయి. వెంకటలక్ష్మి ఓదెలును విడిది గది దగ్గరికి పిలిచి, అతని భార్య సాయమ్మకని లడ్డూల డబ్బా ఇచ్చింది.

ఓదెలు రెండు చేతులూ జోడించాడు. "మీరు అడ్డం రాకుంటే ఇయ్యాల ఠాణాల కూసుందునమ్మా."

ఆమె వరండాలో అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు.

"ఇసుక కుప్ప కాడికి రాంగానే పడెయ్యమని నీకు చెప్పినదాన్ని నేనే అయితే, నిన్నెట్ల స్టేషన్‌కు పంపిస్తా నాయనా?" అని, చప్పుడు కాకుండా తలుపేసుకుంది.