మొదటి నంబరు

"ఇవాళ మనమే ముందు."

చేతిసంచి కుర్చీ మీద ధన్‌మని పెట్టి అంది ఆమె. గోడ గడియారం ఆరున్నర చూపిస్తోంది. ఆసుపత్రి పరిశోధన విభాగంలో ఇంకా నేల తుడుస్తున్నారు.

"ఊరుకోవే. పిలిచినప్పుడే వెళదాం," అన్నాడు భర్త, చేతికర్ర గోడకు ఆనిస్తూ.

"మీరు ఊరుకోబట్టే మన బతుకు ఇలా ఉంది."

రెండేళ్లుగా ఆయన కండరాలు కరిగిపోతున్నాయి. ఎముకల డాక్టరు నరాల డాక్టరు దగ్గరికి పంపాడు. నరాల డాక్టరు గుండె డాక్టరు దగ్గరికి పంపాడు. బంతిలా అన్ని గదులూ దొర్లి, చివరికి ఈ కొత్త మందు పరీక్షకు చేరారు. పది మంది రోగులు. వారానికో ఇంజెక్షను, ప్రతిసారీ కాస్త మోతాదు పెంచి.

మందు పనిచేస్తోంది. పోయిన నెల నుంచి చొక్కాకి రెండు గుండీలు ఆయనే పెట్టుకుంటున్నాడు.

"నువ్వు టైలరు షాపులో రోజుకి రెండొందల గుండీలు కుడతావు. నాకు రెండు పెట్టుకునేసరికే చెమటలు పడుతున్నాయి," అని నవ్వుతాడు.

ఆమెకు నవ్వు రావడం లేదు. ఇంకొక్కసారి మధ్యాహ్నం దాటాక వస్తే ఇక రానక్కర్లేదని నిన్ననే చెప్పాడు షాపు యజమాని.

ఆలస్యానికంతటికీ కారణం ఆ మొదటి నంబరు మనిషే. అరవై దాటిన బస్సు డ్రైవరు. కాస్త కుంటుతాడన్న మాటేగాని మనిషి దిట్టంగానే ఉంటాడు. ఎవరు ముందొచ్చినా ఆయన్నే ముందు పిలుస్తారు. లోపల మెత్తటి మంచం, దుప్పటి, చుట్టూ ముగ్గురు నర్సులు. మూడు గంటలయ్యాక గానీ బయటికి రాడు. అంతసేపూ మిగతా తొమ్మిది మందీ పరగడుపున ఇనప కుర్చీల్లో.

ఏడింటికి డ్రైవరు వచ్చాడు.

"ఏమ్మా, ఇవాళ కోడినే నిద్ర లేపినట్టున్నావు!"

"ఏం చేస్తాం పెద్దాయనా? మీకైతే పలుకుబడి ఉంది. మాకు కాళ్లే దిక్కు."

నర్సు తలుపు తీసింది. "ఒకటో నంబరు!"

ఆమె లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మేం ముందొచ్చాం సిస్టర్."

"ఇక్కడ ముందొచ్చినవాళ్లు ముందు కాదమ్మా. కాగితాల్లో ఒక వరస ఉంది."

"ఏం కాగితాలు? ఆయనకి కొత్త అల్లుడి మర్యాదలు, మాకు ఇనప కుర్చీలూనా?"

నర్సు ఏదో చెప్పబోయి ఆగింది. ఒక రోగి సంగతి ఇంకో రోగికి చెప్పకూడదు.

ఆమె డ్రైవరు వైపు తిరిగింది. "మీరే చెప్పండి. ఒక్కరోజు మా ఆయన్ని ముందు వెళ్లనిస్తే మీ సొమ్మేం పోయింది?"

డ్రైవరు ఆమె భర్త వంక చూశాడు. చొక్కాకి పెట్టుకోలేక వదిలేసిన మూడో గుండీ దగ్గర ఆయన చూపు కాసేపు ఆగింది.

"ఇంకేదైనా అడుగమ్మా, ఇస్తాను. ఇది మాత్రం కుదరదు."

"ఎందుక్కుదరదు?"

"ముప్ఫై ఏళ్లు బస్సు నడిపినవాణ్ణి. ముందు సీటు తప్ప అలవాటు లేదు."

నవ్వుతూ లోపలికి వెళ్లాడు.

"సిగ్గుండాలి," అంది ఆమె, తలుపు మూయకముందే.

ఎనిమిదయింది. తొమ్మిది కావస్తుండగా లోపల ఎవరో పరిగెత్తారు. చక్రాల మంచం గడగడమని ఎటో వెళ్లింది.

నర్సు బయటికి వచ్చింది. ఎవరి మొహమూ చూడకుండా, "ఇవాళ ఇంకెవరికీ ఇంజెక్షను లేదు. ఇళ్లకి వెళ్లండి," అంది.

"ఏం? మందంతా ఆయనకే పోసేశారా?"

నర్సు లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

ఆమె బల్ల మీది ఫిర్యాదుల పుస్తకం లాక్కుంది. 'మొదటి నంబరు రోగికి పక్షపాతం చూపిస్తున్నారు. వరస మార్చాలి.' కాగితం చిరిగేటట్టు నొక్కి సంతకం పెట్టింది.

భర్తను ఇంట్లో దింపి షాపుకు వెళ్లేసరికి ఆమె మిషను మీద ఇంకెవరో కూర్చుని ఉన్నారు.

మూడు వారాలు ఆసుపత్రి నుంచి కబురు లేదు. ఈలోగా రెండో గుండీ కూడా మొరాయించింది. రోజూ పొద్దున్నే ఆమె ఆ గుండీ పెడుతూ మొదటి నంబరును తిట్టుకుంది.

నాలుగో వారం రమ్మన్నారు. మొదటి కుర్చీ ఖాళీగా ఉంది.

"చూశారా, నా రాత పనిచేసింది," అంది భర్తతో.

డాక్టరమ్మ ఆమెను ఒక్కదాన్నే లోపలికి పిలిచింది. బల్ల మీద ఫిర్యాదుల పుస్తకం తెరిచి ఉంది.

"మీరు రాసినదానికి జవాబు చెప్పాలి కదమ్మా. వరస మార్చాం. ఇక మోతాదు పెంచం. మీ ఆయనకి ఇదివరకు పడ్డ మోతాదే ఇస్తాం, దానివల్ల భయం లేదని తేలింది."

"మరి ఆ పెద్దాయన?"

"ఆ రోజు సాయంత్రమే పోయారు. అడిగినవాళ్లకి చెప్పమని వాళ్లావిడే అంది."



డాక్టరమ్మ ఒక కాగితాల కట్ట ఆమె వైపు తిప్పింది. భర్త ఒప్పుకోలు పత్రం. ఆయన వేళ్లు కలం పట్టలేవని ఆమే నింపింది. పద్నాలుగు పేజీలు. చదివే ఓపిక లేక, అదనం అనిపించిన ప్రతిదానికీ 'వద్దు' అని పెట్టుకుంటూ పోయింది.

పదకొండో పేజీ.

'పెంచిన మోతాదును ముందుగా ఒక్కరికే ఇచ్చి మూడు గంటలు గమనిస్తాం. వారికి ఏమీ కాకపోతేనే మిగతావారికి ఇస్తాం. ఆ మొదటి వ్యక్తిగా ఉండటం మీకు సమ్మతమేనా?'

ఎదురుగా 'వద్దు' అన్న గడిలో ఆమె పెట్టిన టిక్కు.

"తొమ్మిది మంది వద్దన్నారు," అంది డాక్టరమ్మ. "ఆయనొక్కరే సరే అన్నారు."

తలుపు తోసుకుని భర్త తల లోపలికి పెట్టాడు. మొహం వెలిగిపోతోంది.

"రావే, పిలుస్తున్నారు. ఇవాళ మనమే ముందట!"