ఆవేదమ్మా?

"ఆవేదమ్మా?" అన్నాడు తనిఖీ అధికారి, కొత్తగా కట్టిన పశువుల కొట్టం గుమ్మంలో నిలబడి.

"మేతకెళ్లింది సార్" అంది అక్క.

లోపల మంచం, గడియారాలు బాగుచేసే బల్ల, బల్ల ముందు చక్రాల కుర్చీలో తమ్ముడు. దాచడానికి ఏముంది గనక!

అధికారి టేపు తీశాడు. గుమ్మం వెడల్పు నాలుగడుగులు, సరే. మెట్లకు బదులు వాలు, సరే. కాలు జారని గచ్చు, సరే. ఒక్కొక్కదానికీ ఆయన టిక్కు పెడుతుంటే అక్కకు ఒళ్లు మండింది. సరిగ్గా ఇవే కొలతలతో తమ్ముడికి ఇల్లు కట్టుకుంటామంటే, ఊరి హద్దు దాటాక పొలాల్లో ఇళ్లు కుదరవంటూ మూడుసార్లు దరఖాస్తు తిప్పికొట్టింది ఈ మహానుభావుడే. పశువుల కొట్టమని రాసేసరికి వారంలో అనుమతి ఇచ్చిందీ ఈయనే.

"ఇందులో మనిషి కాపురముంటున్నాడు. కూల్చేయాలి."

"వీణ్ణి ఎక్కడ పెట్టుకోమంటారు సార్? ఊళ్లో ఇంటికి పదకొండు మెట్లు. ఎత్తుకుని ఎక్కీ దిగీ నా నడుం పడిపోయింది."

"అవన్నీ నాకు చెప్పకు. ఆవుంటేనే కొట్టం. లేదంటే లేదు."

"మనిషికి లేని భాగ్యం ఆవుకి రాసిపెట్టారా మీ పుస్తకంలో?"

"అక్కా, గొడవెందుకు? పెద్దమ్మ ఆవు పక్క చేలోనే మేస్తోంది. అడిగి తోలుకురా" అన్నాడు తమ్ముడు.

అక్క పరుగెత్తింది. రొప్పుకుంటూ ఆవును తోలుకొచ్చి, వేరే గుంజ లేక మంచం కోడుకే కట్టేసింది. అది వచ్చీ రాగానే దుప్పటి నమలడం మొదలుపెట్టింది.

అధికారి ఆవును తేరిపార చూసి టిక్కు పెట్టాడు. తర్వాత తమ్ముడి వైపు చూశాడు. మొహం చిట్లించి, నిబంధనల పుస్తకంలో పేజీ తిప్పాడు.

"చదువుకున్నవాళ్లలా ఉన్నారు, ఈ మాత్రం తెలియదా?" అని కసిరాడాయన. "నోరులేని జీవాన్ని కొట్టంలో ఒంటరిగా వదలకూడదు. పగలూ రాత్రీ దగ్గరే ఒక మనిషి ఉండి తీరాలి. ఇతను ఇక్కణ్ణుంచి కదిలాడా, అనుమతి రద్దు చేసేస్తాను!"